పదకొండో సీసా

బ్రెజిల్ గింజ పెంకు రాయికంటే మొండిది.
ఔరెలియా ముప్పై ఏళ్లుగా దాన్ని ఇనుప మరలో నొక్కి
గింజను గంపలోకి, పెంకును పెరట్లోకి విసురుతోంది.
కుడి బొటనవేలికి గోరు లేదు.
ఎవరైనా ఆ మాట ఎత్తితే
"అదీ పెంకుల్లోకే పోయింది" అని నవ్వేస్తుంది.

పెరూ అడవుల అంచున ప్యూర్టో మాల్డొనాడో.
మోటారు రిక్షాలో రెండు బస్తాల పెంకులు
కాలేజీ వెనక గదికి చేరాయి.
నెలీదా వాటిని పొడి కొట్టి, నీళ్లు పోసి,
స్టీలు గిన్నె మూత బిగించి
రెండు వందల డిగ్రీల పొయ్యిలో పెట్టి
ఒక రాత్రంతా మరిచిపోయింది.
(మరిచిపోవడం కూడా పద్ధతిలో భాగమే.)

తెల్లారి మూత తీస్తే
నిన్నటి కాఫీ డికాషన్‌లా ఏదో. మాడు వాసన.
"ఇందుకా నా బస్తాలు?" అంది ఔరెలియా.

నెలీదా కిటికీకి దుప్పటి కట్టింది.
ఊదా దీపం కింద గాజు గొట్టం పట్టింది.
డికాషన్ కాస్తా
లకుముకి పిట్ట వీపైంది.

నివురు గప్పిన నిప్పంటాం కదా,
ఇక్కడ నివురే వెలుగుతోంది.
బొగ్గు ఎంత చిన్నదైపోయిందంటే
ఒక వెంట్రుక మందంలో
పదివేల నలుసులు భుజం భుజం రాసుకుని నిలబడతాయి.
అంత ఇరుకులో
నలుపుకి నల్లగా ఉండటానికి చోటు చాల్లేదు.

ఔరెలియా చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత, "గింజలో కూడా ఉందా ఈ వెలుగు?"
"తెలీదు. గింజ ఖరీదు. మాడ్చి చూడలేదు."

నది నుంచి పన్నెండు సీసాలొచ్చాయి.
చీటీల మీద అంకెలే, పేర్లు లేవు.
మంచి నీళ్లయితే నలుసులు వెలుగుతూనే ఉంటాయి.
పాదరసం ఉంటే
వచ్చి పట్టుకుని నోరు మూసేస్తుంది.
దీపం పట్టుకుని వెతకడం అందరికీ తెలుసు.
ఈ గదిలో, దీపం పోయిన చోటే
వెతికింది దొరికినట్టు.

ఒకటి వెలిగింది. రెండూ వెలిగింది.
ఐదు కాస్త మసక.
పదకొండు...
తెలుగులో దీపం ఆరిందనకూడదు,
కొండెక్కిందనాలి.
పదకొండు కొండెక్కింది.

"ఎర్రమట్టి నీళ్లు, ఇనుముండొచ్చు" అంది నెలీదా.
ఇనుమైనా ఇలాగే మసకేస్తుంది మరి.
ఇనుముని కట్టేసే మందు కలిపి మళ్లీ వేసింది. చీకటి.
గొట్టం మార్చింది. చీకటి.
చెయ్యి మంచిది కాదేమోనని
కుర్రాడు బాల్తజార్ చేత వేయించింది.
వాడి చేతికీ చీకటే.

ఏ రేవుదో నెలీదాకు తెలుసు, చెప్పలేదు.
ఔరెలియాకు చెప్పక్కర్లేదు కూడా.
సీసా మూత ఆకుపచ్చది, తన వంట నూనెది.
తమ్ముడి డ్రెడ్జి తెప్పకు దిగువన
గిన్నెలు తోముకునే రాయి దగ్గర
తనే ముంచి తెచ్చింది.

తమ్ముడు ఎలెయుతేరియో
పాదరసం కలిపిన ఇసుకని గుడ్డలో వేసి
వట్టి చేతుల్తో పిండుతాడు, చింతపండు పిసికినట్టు.
ఆ బంగారంలోంచే కప్పు మీద రేకులు,
పాపకి కళ్లద్దాలు.
"నేను పారేసిన పెంకులే" అంది ఔరెలియా మెల్లగా,
"వాడి మీద సాక్ష్యం చెప్పాయి."

బల్ల చివర ఇంకో పళ్లెం ఉంది.
విరేచనాల వార్డు నుంచి తెచ్చిన బ్యాక్టీరియా
గంజి మీద తెట్టులా పరుచుకుంది.
నలుసుల చుక్క పడి, గంటసేపు నీలి వెలుతురు తగిలిన చోట
పావలా అంత బట్టతల.
మంచి వార్త. చూపించాలని దాచుకుంది నెలీదా.
ఆ పూట చూపించలేదు.

పెకె పెకె పెకె అంటూ పడవ వెళ్లిపోయింది.
ఆ నేల చదును, కనుచూపు మేర కొండ లేదు.
ఉన్నవల్లా మరలు నదిని తోడి పోసిన
ఇసుక దిబ్బలే.
పదకొండో దీపం ఎక్కితే
వాటినే ఎక్కి ఉండాలి.

వారానికి మరో బస్తా వచ్చింది.
పెంకుల మధ్య గుడ్డ చుట్టిన సీసా,
ఆకుపచ్చ మూత, చీటీ లేదు.
ఎక్కడి నీళ్లని అడగాలా అని
నెలీదా దుప్పటి అంచు పట్టుకుని
కాసేపు వెలుతురులోనే నిలబడింది.